నీరు వీడిన శిల, నీరు దాచిన గాజు

శ్రీకాకుళ పట్టణమునకు కూతవేటు దూరమున నున్న అరసవల్లిలో శ్రీ సూర్యనారాయణస్వామి ఆలయము కళింగసీమ కంతకును ప్రసిద్ధమైనది. ఏటా మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని ఉదయములందు బాలభానుని కిరణములు ద్వారములు దాటి, మండపము దాటి, గర్భాలయమునందలి స్వామి పాదములను స్పృశించును. ఈ ఆలయ స్థాపనను 7వ శతాబ్ది నాటి తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మకు ఆపాదింతురు. భక్తుని చూపు సహజముగా కిరణముమీద నిలుచును. జిజ్ఞాసువు చూపు ఆ కిరణము సోకిన నల్లని రాతిమీద కూడ ఒక్క క్షణము నిలువదగినది.

ఈ ఉత్తరాంధ్ర సీమలో ఏ కొండ నెక్కినను, ఏ పాత గుడి గోడను తాకినను చేతికి తగులునది శిలయే. ఈ కాఠిన్యము దానికెట్లు వచ్చెను? ఒకప్పుడది మెత్తనిదై యుండెనా? కరిగి పారెనా? పారినచో మరల గట్టిపడుటకు కారణమేమి? వేడి తగ్గుటయే కారణమని బడిపిల్లవాడు కూడ చెప్పగలడు. అది సగము సమాధానము మాత్రమే. తక్కిన సగము నీటిలో నున్నది. రాతిలో నీరేమిటని ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆ నీరు తడిగా కంటికి కనబడదు, చేతికి తగులదు. శిలలోని పరమాణువుల కూర్పులోనే అది దాగియుండును. నూటికి ఒకటి రెండు పాళ్లుగా దాగిన ఆ నీరే శిల పారునా, నిలుచునా యన్నది నిర్ణయించును.

సిలికా వల

నేలమీది రాళ్లలో అధిక భాగమునకును, కిటికీ అద్దమునకును మూలవస్తు వొక్కటే. అది సిలికా. పలుగురాయి శుద్ధమైన సిలికా. ఒక సిలికాను పరమాణువు చుట్టును నాలుగు ఆమ్లజని పరమాణువులు నాలుగు మూలలందు నిలిచి ఒక చతుర్ముఖి యేర్పడును. ప్రతి మూలనున్న ఆమ్లజనియు పొరుగు చతుర్ముఖికి కూడ మూలయగును. ఇట్లు ఒక దాని చేయి మరియొకటి పట్టుకొని నిలిచిన కోలాటపు బృందమువలె సిలికా అంతయు ఒక్క వలగా అల్లుకొనును. అల్లిక క్రమము తప్పక యున్నచో అది స్ఫటికము. చేతులు విడువకయే వరుస తప్పినచో అది గాజు. గాజునందు ఇట్టి క్రమములేని వల యున్నదని 1932లో జకారియాసెన్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. నేటికిని గాజు శాస్త్రమున కది పునాదిగా నిలిచియున్నది.

ఈ వల మిక్కిలి గట్టిది. శుద్ధమైన సిలికా కరుగుటకు 1700 డిగ్రీల వేడి కావలెను. అంత వేడి పల్లెటూరి కొలిమికి అందునది కాదు. అయినను మన దేశమున గాజు పని వేల యేండ్లుగా సాగినది. శ్రీకాళహస్తి సమీపమున పాపానాయుడుపేటలో గాజుపూసల పనివారు కరిగిన గాజుముద్దను ఇనుపగొట్టమునకు చుట్టి, కొలిమి నోటినుండి సన్నని బోలుతీగగా లాగి, దానిని తునియలు చేసి పూసలుగా మలచిన విధానమును 20వ శతాబ్దమున పరిశోధకులు వచ్చి చూచి వ్రాసికొనిరి. సిలికా అట్టి కొలిమికి లొంగుటలోని రహస్యము సోడా. చవుటినేలల ఉప్పుమన్నులో నుండు సోడా సిలికా వలలోనికి చొచ్చి, చేయిచేయి పట్టుకొన్న చోట్ల కొన్నిటిని విడదీయును. వల వదులగును. వేయి డిగ్రీల ప్రాంతముననే గాజు తేనెవలె సాగును.

నీరు చేయు పని

సోడా చేయు ఈ పనినే నీరును చేయును. రెండు సిలికానుల నడుమ వంతెనగా నిలిచిన ఆమ్లజని యొద్దకు ఒక నీటి అణువు చేరి, వేడియు ఒత్తిడియు తోడైనచో, ఆ వంతెన తెగును. వంతెన యొక్కటి పోయి దాని స్థానమున రెండు హైడ్రాక్సిలు కొసలు మిగులును. హైడ్రాక్సిలనగా ఒక ఆమ్లజనియు ఒక ఉదజనియు గూడిన జంట. చేతులు పట్టుకొన్న ఇరువురిని విడదీసి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క చెంబు పెట్టినట్లే. చెంబు పట్టిన చేయి మరల పొరుగువాని చేతిని అందుకొనలేదు.

ఈ మార్పెంత పెద్దదో విద్యార్థులు స్వయముగా లెక్కగట్టవచ్చును. నీటి అణుభారము 18, సిలికాది 60. నూరు గ్రాముల గాజులో ఒక్క గ్రాము నీరున్నచో, ప్రతి 30 సిలికా అణువులకు ఒక నీటి అణువు పడును. అయిదు గ్రాములున్నచో ప్రతి ఆరు సిలికాలకు ఒకటి పడును. నీటి అణువు తేలికయైనది గనుక, తూకములో కొంచెమే యనిపించునది సంఖ్యలో సైన్యమగును.

నీరంతయు ఇట్లు హైడ్రాక్సిలుగా మారునా? మారదు. 1982లో ఎడ్వర్డు స్టోల్పరు అను అమెరికను భూవిజ్ఞాని పరారుణ కిరణములతో శిలాద్రవపు గాజులను పరీక్షించి చూపిన విషయమిది. నీరు మిక్కిలి తక్కువగా నున్నపుడు దాదాపు అంతయు హైడ్రాక్సిలుగా మారి వలను తెంచును. నూటికి మూడు నాలుగు పాళ్లు దాటిన పిమ్మట, క్రొత్తగా వచ్చిన నీటిలో అధిక భాగము విడి అణువులుగానే వల కన్నములలో తలదాచుకొనును. కనుకనే తొలి చుక్క చేసినంత మార్పు పదియవ చుక్క చేయదు. అల్యూమినియము కూడ గల గాజులలో ఏ వంతెన ముందు తెగునన్న దానిమీద 1980ల చివరినుండి శాస్త్రజ్ఞులలో వాదములు నడచినవి. నీరు చేరిన శిలాద్రవము పలుచబడునన్న ఫలితమును మాత్రము ఎవరును కాదనలేదు.

కరిగిన రాయి

వాషింగ్టనులోని కార్నెగీ సంస్థవారి భూభౌతిక పరిశోధనాలయము ఈ విషయమున తొలి బాట వేసినది. గ్రానైటు ద్రవములో ఎంత నీరు కరుగునో గోరాన్సను 1931లో కొలిచి ప్రకటించెను. టటిల్, బోవెన్ అనువారు 1958లో ప్రకటించిన గ్రంథము గ్రానైటు పుట్టుకను గూర్చిన చిరకాల వాదమునకు ప్రయోగముల బలము నిచ్చెను. నీరు లేని గ్రానైటు నేలమీద కరుగుటకు 950 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. అదే గ్రానైటు ఏడు కిలోమీటర్ల లోతున ఉండదగిన ఒత్తిడిలో, తగినంత నీటితో, 700 డిగ్రీల లోపుననే కరుగ నారంభించును. నీరు చేరినందున తగ్గిన వేడి 250 డిగ్రీలకు మించినది.

స్నిగ్ధతలో వచ్చు మార్పు ఇంతకన్న ఆశ్చర్యకరము. 800 డిగ్రీల వేడిలో దాదాపు పొడిగానున్న గ్రానైటు ద్రవము పేరునకే ద్రవము. దాని కదలిక కంటికి ఆనదు. అందులో నూటికి అయిదు పాళ్లు నీరు చేరినచో స్నిగ్ధత లక్ష రెట్లకు పైగా తగ్గును.

ఇందుకు సరియైన పోలిక మన వంటింటిలోనే కలదు. పటికను పెనముమీద నుంచి కాచి చూడుడు. నూరు గ్రాముల పటికలో 45 గ్రాములు నీరే. మొదట ఆ గడ్డ తన లోపలి నీటిలో తానే కరిగి ద్రవమగును. పిదప బుడగలు లేచి నురుగువలె పొంగును. నీరంతయు పోయిన వెనుక తెల్లని, తేలికయైన, బోలుగట్టి మిగులును. అదే పెనముమీద, అదే సెగకు అది మరల కరుగదు. పటిక నిర్మాణము వేరు, సిలికా నిర్మాణము వేరు. అయినను నీరున్నపుడు కరుగుట, నీరు పోవునపుడు పొంగుట, నీరు పోయినపిదప బిగియుట అను మూడు దశలును అగ్నిపర్వతముల కడుపులో జరుగు నాటకమునకు నమూనాలే.

లోతున ఒత్తిడిలో ఇముడి యున్న నీరు, శిలాద్రవము పైకి వచ్చి ఒత్తిడి తగ్గగనే, ఆవిరి బుడగలై వెలువడును. నీరు వీడిన ద్రవము మరింత చిక్కబడి, బుడగలకు దారి ఈయదు. దారి లేని ఆవిరి పర్వతమునే పగులగొట్టును. చిక్కని ద్రవము గాజు నలుసులుగా చెదరి ఆకాశమున కెగయును. ఇట్టి ప్రళయమొకటి సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమునందలి తోబాలో సంభవించెను. ఆ గాజు బూడిద బంగాళాఖాతమును దాటి వచ్చి ఆంధ్రభూమిలో సైతము రాలెను. కర్నూలు సీమలో జుర్రేరు లోయయందు జ్వాలాపురమున ఆ బూడిద పొర నేటికిని కనబడును. దాని క్రిందను, పైనను ఆదిమ మానవుల రాతి పనిముట్లు దొరకినవని 2007లో పరిశోధకులు ప్రకటించిరి. ఎక్కడి నీరు! ఎక్కడి గాజు! ఒక ద్రవమునుండి నీరు వెలువడిన తీరు మరియొక దేశపు నేలమీద పొరగా నిలిచినది.

తూర్పు కనుమల కథ

తోబాలో నీరు వీడుట నిమిషముల మీద జరిగిన విస్ఫోటనము. అదే పని నేల లోతున, యుగముల తరబడి, చప్పుడు లేక జరిగినచో ఏమి మిగులును? ఈ ప్రశ్నకు సమాధానము శ్రీకాకుళ విజయనగరముల పడమటి దిక్కున వరుసదీరి నిలిచియున్నది.

తూర్పు కనుమలలో ముఖ్యమైన శిల ఖోండలైటు. 1902లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన వాకరు ఇచ్చటి కొండజాతియైన ఖోండుల పేరుమీద దీనికాపేరు పెట్టెను. సింహాచలము కొండ ఈ రాతిదే. దీనికి తోడుగా కనబడు మరియొక నల్లని గట్టి శిల చార్నకైటు. కలకత్తా నగర స్థాపకుడుగా పేరుపొందిన జాబ్ చార్నాకు సమాధిమీది రాతిని పరీక్షించి, 1893లో హాలండు అను భూవిజ్ఞాని ఆ పేరు నిర్ణయించెను.

ఖోండలైటు పుట్టుక విన్నచో నమ్మశక్యము కాదు. అది ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బంకమన్ను! ఆ మన్ను భూమి పొరలలో చిక్కి లోతునకు దిగి, ఒత్తిడికిని వేడికిని గురియయ్యెను. బంకమట్టిలో శుద్ధమైనది చీనామన్ను. నూరు గ్రాముల చీనామన్నులో 14 గ్రాముల నీరు హైడ్రాక్సిలుగా దాగియుండును. ఎండలో ఎంత ఆరబెట్టినను ఈ నీరు పోదు. భూమి లోపలి వేడికి అదియు పోవ నారంభించెను. మన్ను అభ్రకముగా మారెను. అభ్రకములో నీరు నూటికి నాలుగు పాళ్లు. వేడి ఇంకను పెరిగి 800 డిగ్రీలు దాటగా అభ్రకమును విరిగెను. దాని స్థానమున ఎర్రని గార్నెట్, సూదులవంటి సిల్లిమనైటు నిలిచినవి. వీని కూర్పులో నీటికి చోటు లేదు. పదునాలుగు, నాలుగు, సున్న. బంకమన్ను కొండరాయి యగుటకు ఎక్కిన మెట్లివి.

చివరి మెట్టుకడ జరిగినదే ఈ కథకు ఆయువుపట్టు. అభ్రకము విడిచిన నీరు ఊరక ఆవిరియై పోలేదు. చుట్టునున్న రాతిలో కొంత భాగమును కరిగించి, ఆ ద్రవములో తాను కలిసిపోయెను. నీటితో పలుచనైన ఆ ద్రవములో చాల భాగము రాతి సందులవెంట పైకెగబ్రాకెను. పోవుచు నీటిని వెంటబెట్టుకొని పోయెను. వెనుక మిగిలినది నీరు వీడిన పొడిశిల. ఆ పిమ్మట వేడి 900, 1000 డిగ్రీలకు చేరినను మిగిలిన శిల పూర్తిగా కరిగి పారలేదు. నీరున్నచో ఆ వేడిలో అధిక భాగము ద్రవమై పోయియుండెడిది. నీరు వీడుటచేతనే అది నిలిచినది.

అంతటి వేడి తగిలినదనుటకు పాడేరు ప్రాంతమున దొరకు సఫిరిను అను అరుదైన ఖనిజము సాక్ష్యము చెప్పుచున్నది. ఇదంతయు జరిగినది సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట, పాతిక ముప్పది కిలోమీటర్ల లోతున. అప్పుడు ఈ నేలకు పొరుగున నున్నది నేటి అంటార్కిటికాలోని తూర్పుభాగము. పైపొరలు యుగయుగముల కోతకు కరిగిపోగా నాటి పాతాళము నేడు కొండకొమ్ముగా నిలిచినది. ఈ కొండల ముక్కలే అలలు నలిపిన ఇసుకలో ఎర్రని గార్నెట్ రవ్వలుగా భీమునిపట్నము మొదలు కళింగపట్నము దాక తీరమున మెరయుచున్నవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞాన శాఖను తీర్చిదిద్దిన సి. మహదేవన్ సహచరునితో కూడి విశాఖ తీరపు ఇసుకలోని మోనజైటును గూర్చి 1948లోనే వ్రాసెను.

నీరు మరలివచ్చినపుడు

పోయిన నీరు పోయినట్లే యుండునా? ఉండదు. లోతున వీడిన నీరు నేలమీద వానయై ఎదురుచూచుచుండును. ఖోండలైటులోని ఫెల్డుస్పారు వాననీటికి మెల్లగా లొంగి, మరల చీనామన్నుగా మారును. తక్కినవియు కొట్టుకొనిపోయి అల్యూమినియము మాత్రము మిగిలిన చోట బాక్సైటు ఏర్పడును. అనంతగిరి, గాలికొండ శిఖరములమీది బాక్సైటు ఇట్లు పుట్టినదే. అందలి ముఖ్య ఖనిజమైన గిబ్సైటులో మూడవ వంతు నీరే యని చెప్పవచ్చును. సున్నకు దిగిన లెక్క మరల పైకెక్కినది.

ఇది కొండల సంగతి మాత్రమే కాదు. అరసవల్లి ఆలయముతో ముడిపడిన గాంగవంశమువారే 13వ శతాబ్దమున, మొదటి నరసింహదేవుని కాలమున, కోణార్కలో మరియొక సూర్యదేవాలయమును కట్టించిరి. ఆ మహానిర్మాణమున అధిక భాగము ఖోండలైటుతో కట్టబడినది. చెక్కుటకు అనువైన ఆ రాయి వానకును, ఉప్పుగాలికిని తాళలేక పోయినది. శిల్పముల ముఖములు అరిగినవి. నిలిచిన మండపము కూలకుండుటకై 1903లో దాని లోపల ఇసుక నింపి ద్వారములు మూసిరి. వేయి డిగ్రీల వేడికి కరుగని శిల వానచినుకులకు మెత్తబడుట వింతగా తోచును. అందులో వింత లేదు. వేడి ఒక్కటే వచ్చినపుడు నిలిచినది. నీరు వచ్చినపుడు కాలము చాలినంత దొరకగా ఓడినది.

గాజు గతియు ఇంతే. లాగి పట్టిన గాజులో సన్నని బీట యున్నచో, పొడిగాలిలో కన్న తేమగాలిలో ఆ బీట త్వరగా పెరుగును. అమెరికా ప్రమాణముల సంస్థలో వీడర్‌హార్న్ 1967లో ఈ వేగమును కొలిచి చూపెను. బీట కొసన బిగిసి యున్న సిలికా వంతెనను నీటి అణువు తెంచుటయే ఇందుకు కారణము. శిలాద్రవమున జరుగు పనియే ఇచ్చట చల్లని గాజున, బీట మొనమీద, ఒక్కొక్క వంతెన చొప్పున జరుగును.

దూరవార్తను మ్రింగు చుక్క

నేడు మాటయు, బొమ్మయు, బడిపాఠమును సముద్రములు దాటి పోవునది వెంట్రుకవంటి గాజుతీగలలోనే. గాజులో కాంతి మాసిపోవుటకు గాజు స్వభావము కాక అందలి మలినములే ముఖ్య కారణమని 1966లో చార్లెస్ కావో వాదించెను. ఆ కృషికి 2009లో నోబెలు బహుమతి లభించెను. 1970లో కార్నింగు సంస్థవారు పనికివచ్చు తొలి తీగను సాధించిరి. ఇనుము, రాగి వంటి మలినములు తొలగినను హైడ్రాక్సిలు ఒక పట్టాన తొలగలేదు. పదిలక్షల పాళ్లలో ఒక్క పాలు హైడ్రాక్సిలున్నను, 1.38 మైక్రోమీటర్ల తరంగపు కాంతి ఒక కిలోమీటరు పోవులోపలనే ఇంచుమించు ఆరిపోవును. హైడ్రాక్సిలు జంట ఆ కాంతిని మ్రింగి తాను కంపించును. సిలికాను క్లోరిను వాయువుతో ఆరబెట్టు విద్య అలవడిన పిదప, 1990ల చివరికి ఈ దోషము దాదాపు లేని తీగలు మార్కెటునకు వచ్చినవి. తూర్పు కనుమలు కోట్ల సంవత్సరములు తీసికొని చేసిన పనిని, అనగా సిలికానుండి నీటిని వెడలగొట్టుటను, మానవుడు కార్ఖానాలో గంటలమీద నేర్చెను.

ఉపాధ్యాయుల కిట గమనింపదగిన దొకటి కలదు. రసాయన పాఠములో నీరు ద్రావణియని చెప్పుదురు. భూగోళ పాఠములో కొండలు కోతకు గురియగునని చెప్పుదురు. భౌతిక పాఠములో కాంతి ప్రయాణము చెప్పుదురు. ఈ మూడింటిని మూడు గదులలో మూసి పెట్టుటచేత, ఒకే నీటి అణువు మూడు చోట్లను ఒకే పని చేయుచున్నదన్న సంగతి బాలురకు తెలియకుండ పోవుచున్నది. టెక్కలి పరిసరముల నీలి గ్రానైటు పలకలు దేశదేశములకు పోవుచున్నవి. వానిని కోయు చోట్లకు పిల్లలను సురక్షితమైన దూరమువరకు తీసికొనిపోయి, తాజాగా కోసిన రాతి ముఖమును, వానకు తడిసి మట్టిబారిన పాత ముఖమును ప్రక్కప్రక్కన చూపవచ్చును. పటికను పొంగించి చూపవచ్చును. చీనామన్నులోని 14 పాళ్ల లెక్కను నల్లబల్లమీద వేయింపవచ్చును.

అట్లు చూచిన పిల్లవానికి రాయి యనునది కదలని పదార్థముగా తోచదు. నీటిని వదలుకొని బలము పొందినదిగా, నీరు మరల తాకినపుడు ఆ బలమును మెల్లగా అప్పగించునదిగా తోచును. పాత గుడిగోడమీద సున్నపుపూతలు పూయుటకును, పైకప్పు కారుచుండగా చూచి యూరకుండుటకును అప్పుడు వాని మనసు ఒప్పుకొనదు. వంద కోట్ల ఏండ్లు నిలిచిన దానిని కాపాడుకొనుటకు తొలి పని, కప్పునందలి ఒక కన్నమును వానకాలమునకు ముందే పూడ్చుట.